ఒక్క ఆటతో ఒక ఓపెనింగ్ నేర్చుకోవడం ఎలా: సోఫియా 2010, పన్నెండో ఆట, లాస్కర్ డిఫెన్స్

చదరంగంలో ఓపెనింగ్‌ను, అంటే ఆట ఆరంభపు ఎత్తుల పద్ధతిని, వరుసలుగా బట్టీ పట్టినవారికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ప్రత్యర్థి తొమ్మిదో ఎత్తులోనో పదో ఎత్తులోనో తాము చదవని ఎత్తు వేయగానే, అంతవరకు చకచకా నడిచిన చెయ్యి ఆగిపోతుంది; ఏ పావు ఎందుకు అక్కడుందో తెలియదు కాబట్టి తరువాత ఏం చేయాలో కూడా తోచదు. పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చిన ఇన్నేళ్లలో ఈ చిక్కుకు నాకు దొరికిన విరుగుడు ఒక్కటే. ఒక ఓపెనింగ్‌ను నేర్చుకోదలిస్తే, ఆ ఓపెనింగ్‌తో పెద్ద పోటీలో జరిగిన ఒకే ఒక్క మంచి ఆటను తీసుకుని, అందులో ఒక పావును మొదటి ఎత్తు నుంచి చివరి దాకా వెంబడించాలి. ఆ పావు కథ అర్థమైతే ఓపెనింగ్ అర్థమైనట్టే.

ఇందుకు నేను ఎంచుకున్న ఆట 2010 మే 11న బల్గేరియా రాజధాని సోఫియాలో వెసెలిన్ తొపాలోవ్, విశ్వనాథన్ ఆనంద్ ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పన్నెండో ఆట. వెంబడించవలసిన పావు నల్లవారి సి8 శకటు, అంటే ఆట మొదట్లో సి8 గడిలో ఉండే బిషప్.

ఆటకు ముందు పరిస్థితి ఏమిటో తెలుసుకోవడం కూడా అధ్యయనంలో భాగమే, ఎందుకంటే ఓపెనింగ్ ఎంపిక పరిస్థితిని బట్టే జరుగుతుంది. ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల యూరప్‌లో విమానాలు నిలిచిపోవడంతో ఆనంద్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సోఫియాకు దాదాపు 40 గంటలు రోడ్డు మీద ప్రయాణించి చేరుకున్నారు. మూడు రోజుల వాయిదా అడిగితే ఒక్క రోజే దక్కింది. పదకొండు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ చెరి 5.5 పాయింట్లు. చివరి ఆటలో ఆనంద్‌వి నల్లపావులు. ఆట డ్రా అయితే టై-బ్రేక్‌లో తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ ఆటలు ఆడాలి, ర్యాపిడ్‌లో ఆనంద్ బలం అందరికీ తెలిసిందే. అంటే తెగించవలసిన అవసరం తెల్లవారికే ఎక్కువ. ఇలాంటి స్థితిలో నల్లవారికి కావలసింది చురుకైన దాడి కాదు, ఎటు నుంచి నెట్టినా కదలని ఓపెనింగ్. అంతకు ముందు ఆ మ్యాచ్‌లో నల్లపావులతో స్లావ్, గ్రున్‌ఫెల్డ్ అనే ఓపెనింగ్‌లు ఆడిన ఆనంద్ ఈసారి వందేళ్లు దాటిన లాస్కర్ డిఫెన్స్‌ను బయటికి తీశారు. 1894 నుంచి 1921 వరకు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న ఇమాన్యుయేల్ లాస్కర్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది.

పాటించవలసిన పద్ధతి

చెక్క బోర్డు గానీ చుట్టి పెట్టుకునే ప్లాస్టిక్ బోర్డు గానీ తీసుకుని, పావులను చేత్తో జరుపుతూ ఆడండి. పక్కన ఒక నోటు పుస్తకం ఉండాలి. ఇంజిన్‌ను, అంటే ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను, మొదటి రెండు రోజులు తెరవవద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే ఇంజిన్ జవాబు ముందే చూసినవారికి ప్రశ్న అడగాలన్న కోరికే పుట్టదు. ఎత్తుల పట్టీ మీద ఒక కాగితం కప్పి, ఒక్కొక్క ఎత్తునే బయటపెడుతూ, నల్లవారి వంతు వచ్చినప్పుడల్లా మీరైతే ఏం వేస్తారో ముందు రాసుకుని, ఆ తరువాతే అసలు ఎత్తు చూడండి. మీ ఎత్తు తప్పినా ఫరవాలేదు. కారణం రాసి ఉండాలి.

ఈ వ్యాసంలో మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, శకటు అంటే బిషప్. కొన్ని ఊళ్లలో శకటును ఒంటె అంటారు. కోట అంటే క్యాజిలింగ్, మాట్ అంటే చెక్‌మేట్. ప్రతి గడికీ నిలువు వరుస అక్షరం (ఎ నుంచి హెచ్), అడ్డు వరుస అంకె (1 నుంచి 8, తెల్లవారి వైపు నుంచి) కలిపి పేరు. పావు పేరు లేని ఎత్తు బంటుది. జంటలో మొదటిది తెల్లవారి ఎత్తు, రెండోది నల్లవారిది; అంకె తరువాత మూడు చుక్కలుంటే అది నల్లవారి ఎత్తు. ఏనుగు ఎఫ్-డి8 అంటే ఎఫ్ వరుసలోని ఏనుగు డి8కు వచ్చిందని. పావును 'అడగడం' అంటే దాన్ని కొడతానని బెదిరించడం. కొట్టడాన్ని × గుర్తుతో, చెక్‌ను + గుర్తుతో చూపాను.

మొదటి పదమూడు ఎత్తులు

1. డి4, డి5, 2. సి4, ఇ6, 3. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6, 4. గుర్రం సి3, శకటు ఇ7, 5. శకటు జి5, హెచ్6; 6. శకటు హెచ్4, కోట; 7. ఇ3, గుర్రం ఇ4, 8. శకటు×ఇ7, మంత్రి×ఇ7, 9. ఏనుగు సి1, సి6; 10. శకటు ఇ2, గుర్రం×సి3, 11. ఏనుగు×సి3, డి×సి4, 12. శకటు×సి4, గుర్రం డి7, 13. కోట, బి6.

రెండో ఎత్తు దగ్గరే ఆగండి. ఇ6 బంటు డి5కు ఊతంగా నిలిచింది, కానీ అదే బంటు సి8 శకటుకు తలుపు మూసేసింది. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అనే ఈ ఓపెనింగ్ మొత్తంలో నల్లవారి తలనొప్పి ఈ ఒక్క శకటే. ఏ రకాన్ని తీసుకున్నా, దాన్ని పుట్టించినవారు నిజానికి ఈ శకటును ఎలా బయటికి తేవాలన్న ప్రశ్నకే జవాబు వెతికారని గుర్తుంచుకుంటే, విడివిడిగా కనిపించే వరుసలన్నీ ఒక కుటుంబంలా కనిపిస్తాయి.

ఉదాహరణకు 7. ఇ3 తరువాత వచ్చే ఇదే స్థితి, ఎత్తుల క్రమం వేరైనా, 1972లో రేక్యావిక్‌లో ఫిషర్, స్పాస్కీ ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో ఆటలోనూ వచ్చింది. అక్కడ నల్లపావులతో ఆడిన స్పాస్కీ 7...బి6 వేసి, శకటుకు బి7 దారి తెరవాలని చూశారు. దాన్ని తార్తకోవర్ రకం అంటారు. ఆ ఆటలో తెల్లవారు వెంటనే డి5 మీద మార్పిడులు చేయగా శకటు చివరకు ఇ6లో కూర్చుంది, ఫిషర్ గెలిచారు. రెండు ఆటల్లోనూ ఏడో ఎత్తు దాకా ఆడి, బోర్డును అలాగే ఉంచి, బి6కూ గుర్రం ఇ4కూ ఉన్న తేడాను పది నిమిషాలు ఆలోచించండి. ఈ పది నిమిషాలు ఇరవై ఎత్తులు కంఠస్థం చేయడం కంటే విలువైనవని నా అనుభవం.

లాస్కర్ జవాబు ఇరుకింట్లో సామాను తగ్గించుకోవడం లాంటిది. గుర్రం ఇ4కు దూకగానే హెచ్4 శకటు, ఇ7 శకటు ఎదురెదురు పడతాయి. తెల్లవారు ముందుగా ఇ4 గుర్రాన్ని కొడితే డి5 బంటు తిరిగి కొట్టి ఇ4లో నిలిచి, ఎఫ్3 గుర్రాన్ని తరుముతుంది. అందుకే సాధారణంగా శకట్లే మారతాయి. ఆపైన 10వ, 11వ ఎత్తుల్లో గుర్రాలు మారాయి. రెండు జతలు బోర్డు మీద నుంచి వెళ్లిపోవడంతో నల్లవారికి ఊపిరి ఆడింది.

11...డి×సి4 వేసిన వేళను గమనించండి. నల్లవారు ఈ బంటును మొదటి నుంచీ కొట్టగలిగేవారే, కానీ తెల్ల శకటు ఎఫ్1 నుంచి ఒకసారి కదిలేదాకా ఆగారు. అది ఇ2కు వచ్చాక కొట్టడంతో, ఒక్క ఎత్తులో సి4 చేరవలసిన శకటుకు రెండు ఎత్తులు ఖర్చయ్యాయి. ఈ రకం ఆడేవారు ఈ చిన్న ఓపికను అలవాటు చేసుకోవాలి. తొందరపడి ముందే కొట్టేస్తే ఆ లాభం పోతుంది.

తెల్లవారు తొమ్మిదో ఎత్తులో సి×డి5 వేస్తే ఏం చేయాలి? విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి నోటు పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించండి. 9...గుర్రం×సి3, 10. బి×సి3, ఇ×డి5 తరువాత ఇ6 బంటు ఆ గడి వదిలేసింది, అంటే సి8 శకటుకు హెచ్3 వైపు ఐమూల దానంతట అదే తెరుచుకుంది. 11. మంత్రి బి3, ఏనుగు డి8, 12. సి4, డి×సి4, 13. శకటు×సి4, గుర్రం సి6 అన్నది అందరికీ తెలిసిన కొనసాగింపు. మన శకటు ఎక్కడుందని అడిగితే చాలు, ఈ వరుసలో నల్లవారు ఎందుకు నిశ్చింతగా ఉన్నారో తెలిసిపోతుంది.

శకటు ఇంకా కదలలేదు

14. శకటు డి3, సి5, 15. శకటు ఇ4, ఏనుగు బి8, 16. మంత్రి సి2, గుర్రం ఎఫ్6, 17. డి×సి5, గుర్రం×ఇ4, 18. మంత్రి×ఇ4, బి×సి5, 19. మంత్రి సి2, శకటు బి7.

బి6 బంటు కదిలింది శకటును బి7కు తేవడానికే. తొపాలోవ్ అది ఊహించి తన శకటును ఇ4లో నిలిపారు. అది ఎ8 ఏనుగును బెదిరించింది, బి7కు నల్ల శకటు రాకుండా కాపలా కూడా కాసింది. ఆనంద్ ఏనుగును పక్కకు జరిపి, గుర్రంతో ఆ కాపలాదారునే అడిగారు, చివరకు దాన్ని మార్చుకున్నారు. నల్లవారు ఇచ్చిన మూల్యం బంట్ల అమరికలో కనిపిస్తుంది. ఎ7, సి5 బంట్లు రెండూ పక్కన తోడు లేకుండా మిగిలాయి. బదులుగా బి, డి నిలువు వరుసలు ఏనుగులకు తెరుచుకున్నాయి, పద్దెనిమిది ఎత్తులపాటు సి8లో కదలకుండా కూర్చున్న శకటు పంతొమ్మిదో ఎత్తులో బయటికి వచ్చింది.

ఇక్కడ బోర్డు మీద లెక్క తీయండి. తెల్లవారికి ఒక గుర్రం, నల్లవారికి ఒక శకటు మిగిలాయి. తెల్లవారి రెండు శకట్లూ పోయాయి. తెల్ల గడుల మీద నడిచే శకటు ఇప్పుడు నల్లవారి దగ్గరే ఉందన్న సంగతిని నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. తరువాత జరిగేదంతా దానిమీదే ఆధారపడింది.

మరో కసరత్తు. ఇరవయ్యో ఎత్తులో తెల్ల ఏనుగు సి5 బంటును ఎందుకు కొట్టలేదు? ఏనుగుకు సి2 మంత్రి అండ ఉంది, నల్ల మంత్రి దాన్ని నేరుగా కొట్టలేదు, కాబట్టి బంటు ఉచితంగా దొరికినట్టే అనిపిస్తుంది. ముందు మీరే వెతకండి. జవాబు ఇది: 20. ఏనుగు×సి5, శకటు×ఎఫ్3, 21. జి×ఎఫ్3, ఏనుగు×బి2. ఇప్పుడు తెల్ల మంత్రి బి2 ఏనుగును కొడితే సి5 ఏనుగు దిక్కులేనిదై, నల్ల మంత్రికి దొరుకుతుంది. కొట్టకపోయినా నల్లవారికి తమ బంటు తిరిగి వచ్చేసింది, తెల్ల రాజు ముందున్న బంట్లు మాత్రం చెదిరిపోయాయి. తొపాలోవ్ 20. గుర్రం డి2 వేసి గుర్రాన్ని ఆ ఐమూల నుంచి తప్పించింది అందుకే. బంటు బలహీనంగా కనిపించడం వేరు, దాన్ని కొట్టగలగడం వేరు అన్న భేదాన్ని ఇంత చక్కగా చూపే స్థితి పిల్లలకు చెప్పడానికి నాకు మరొకటి దొరకలేదు.

గోడ కట్టడం, గోడ కూలడం

20. గుర్రం డి2, ఏనుగు ఎఫ్-డి8, 21. ఎఫ్3, శకటు ఎ6, 22. ఏనుగు ఎఫ్2, ఏనుగు డి7, 23. జి3, ఏనుగు బి-డి8, 24. రాజు జి2, శకటు డి3; 25. మంత్రి సి1, శకటు ఎ6, 26. ఏనుగు ఎ3, శకటు బి7, 27. గుర్రం బి3, ఏనుగు సి7, 28. గుర్రం ఎ5, శకటు ఎ8, 29. గుర్రం సి4, ఇ5, 30. ఇ4, ఎఫ్5, 31. ఇ×ఎఫ్5, ఇ4, 32. ఎఫ్×ఇ4, మంత్రి×ఇ4+, 33. రాజు హెచ్3, ఏనుగు డి4.

ఈ భాగంలో మొదట శకటు కదలికలను మాత్రమే చూడండి. బి7, ఎ6, డి3, మళ్లీ ఎ6, మళ్లీ బి7, చివరకు ఎ8. పని లేక తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, వెళ్లిన ప్రతిచోటా తెల్లవారిని ఏదో ఒకటి అడుగుతూ ఉంది: ఎ6 నుంచి ఎఫ్1 ఏనుగును, డి3 నుంచి సి2 మంత్రిని. ఆనంద్ ఎక్కడా ఆతృత చూపలేదు. ఇరవై ఎనిమిదో ఎత్తులో తెల్ల గుర్రం ఎ5కు వచ్చి శకటును అడిగినప్పుడు, అది మార్పిడికి ఒప్పుకోకుండా బోర్డు మూలకు, ఎ8కు వెళ్లి కూర్చుంది. మూలన పడిన శకటును చూసి చాలామంది విద్యార్థులు అది చచ్చిపోయిందంటారు. ఎ8 నుంచి హెచ్1 దాకా వేలితో గీత గీయమనండి. ఆ గీత మీద జి2లో తెల్ల రాజు కూర్చున్నాడు. మధ్యలో ఎఫ్3 బంటు ఒక్కటే గోడ.

తొపాలోవ్ 30. ఇ4తో రెండో గోడ కట్టారు. ఇ4, ఎఫ్3 బంట్లు కలిసి ఆ ఐమూలను పూర్తిగా మూసేసినట్టు కనిపించింది. నా అంచనాలో ఆట మలుపు తిరిగింది ఈ ఎత్తుతోనే, ఎందుకంటే గోడను నిలబెట్టడానికి తెల్లవారి దగ్గర తెల్ల గడుల శకటు లేదు. 30...ఎఫ్5 ఆ గోడ పునాదిని తవ్వింది. 31. ఇ×ఎఫ్5తో మొదటి ఇటుక ఊడింది. అప్పుడు వచ్చిన 31...ఇ4 బంటు త్యాగాన్ని కాగితం కింద నుంచి తీసే ముందు కనీసం పావుగంట ఆలోచించండి. తెల్లవారు ఆ బంటును ఎఫ్3 బంటుతో కొట్టిన క్షణంలో రెండో ఇటుక కూడా ఊడిపోయి, నల్ల మంత్రి ఇ4లో నిలిచి చెక్ ఇస్తుంది, దాని వెనుక ఎ8 నుంచి శకటు అండగా ఉంటుంది.

ఇప్పుడు రాజు ఎటు వెళ్లాలో దగ్గరగా పరీక్షించండి. జి1కు వెళ్తే మంత్రి హెచ్1లో దిగి మాట్: ఎ8 శకటు కాస్తోంది కాబట్టి రాజు మంత్రిని కొట్టలేడు, పారిపోవడానికి గడి లేదు. ఎఫ్1కు వెళ్తే మంత్రి హెచ్1 చెక్, రాజు ఇ2కు జరగగానే మొదటి అడ్డు వరుసలో సి1 మంత్రి దొరికిపోతుంది. అందుకే రాజు హెచ్3కు, అంటే బయలు ప్రదేశానికి నడవవలసి వచ్చింది. ఎఫ్3లో ఏనుగును అడ్డం పెట్టే ఎత్తులు కూడా ఉన్నాయి. వాటిని, అలాగే ముప్పై రెండో ఎత్తులో బంటును కొట్టకుండా ఎ3 ఏనుగును ఇ3కు తెచ్చి ఉంటే ఏమయ్యేదో, మీ నోటు పుస్తకంలో సొంతంగా తేల్చుకుని, ఆ తరువాతే ఇంజిన్‌ను అడగండి. ఇంజిన్ తెరవవలసిన సమయం ఇది.

చివరి ఎత్తులు

34. గుర్రం ఇ3, మంత్రి ఇ8, 35. జి4, హెచ్5; 36. రాజు హెచ్4, జి5+, 37. ఎఫ్×జి6, మంత్రి×జి6, 38. మంత్రి ఎఫ్1, ఏనుగు×జి4+, 39. రాజు హెచ్3, ఏనుగు ఇ7, 40. ఏనుగు ఎఫ్8+, రాజు జి7, 41. గుర్రం ఎఫ్5+, రాజు హెచ్7, 42. ఏనుగు జి3, ఏనుగు×జి3+, 43. హెచ్×జి3, మంత్రి జి4+, 44. రాజు హెచ్2, ఏనుగు ఇ2+; 45. రాజు జి1, ఏనుగు జి2+, 46. మంత్రి×జి2, శకటు×జి2, 47. రాజు×జి2, మంత్రి ఇ2+.

37. ఎఫ్×జి6 అన్నది ఆన్ పాసాన్: రెండు గడులు దూకి జి5కు వచ్చిన నల్ల బంటును తెల్ల బంటు దారిలోనే కొట్టి జి6లో నిలిచింది. ముప్పై ఎనిమిదో ఎత్తులో నల్ల ఏనుగు జి4 బంటును కొట్టి చెక్ ఇచ్చింది. ఇ3 గుర్రం దాన్ని కొట్టగలదు. కొడితే నల్ల మంత్రి జి4లో దిగి మాట్, ఎందుకంటే ఆ మంత్రిని హెచ్5 బంటు కాస్తోంది, రాజుకు ఉన్న గడులన్నీ మంత్రి చూపులోనే ఉన్నాయి. ఈ స్థితిని విడిగా పేర్చి, ఎత్తు చెప్పకుండా పిల్లల ముందు పెట్టండి.

నలభై ఐదో ఎత్తులో ఏనుగు జి2కు దిగగలిగింది కూడా ఆ ఎ8 శకటు అండతోనే. మంత్రితో ఆ ఏనుగును కొట్టడం తప్ప తొపాలోవ్‌కు దారి లేకపోయింది, ఆ మంత్రిని కొట్టి శకటు తన ఏడో ఎత్తు పూర్తి చేసి, తానూ బలైపోయింది. ఆట మొత్తంలో అది కదిలింది ఆ ఏడుసార్లే. తెల్లవారికి ఏనుగు, గుర్రం మిగిలితే నల్లవారికి మంత్రి మిగిలింది. యాభై ఆరో ఎత్తు తరువాత తొపాలోవ్ ఓటమి ఒప్పుకున్నారు. ఆనంద్ 6.5–5.5తో టైటిల్ నిలబెట్టుకున్నారు.

చదివిన తరువాత చేయవలసింది

చదివి పక్కన పెడితే ఇదంతా వారంలో కరిగిపోతుంది. 13...బి6 తరువాతి స్థితిని పేర్చి, మీ స్థాయి స్నేహితుడితో ఒక్కో వైపుకు పదిహేను నిమిషాల గడియారంతో కనీసం ఆరు ఆటలు ఆడండి, మూడింట నల్లవి, మూడింట తెల్లవి మీవి కావాలి. తెల్లపావులతో ఆడినప్పుడే నల్లవారి గట్టితనం ఎంత విసిగిస్తుందో తెలుస్తుంది. తోడు దొరకనివారు లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో ఈ స్థితి నుంచే కంప్యూటర్‌తో ఆడవచ్చు. అక్కడి స్టడీలో ఆటను పెట్టుకుని మీ వ్యాఖ్యలు రాసుకోవడానికి డబ్బు కట్టనక్కర లేదు. ప్రతి ఆట అయ్యాక ఒకే ప్రశ్న రాయండి: నా సి8 శకటు ఏ ఎత్తులో కదిలింది, ఏ ఐమూల మీదికి వచ్చింది? ఆరు ఆటల్లో నాలుగింట అది ఇరవయ్యో ఎత్తు దాటినా సి8లోనే ఉండిపోతే, తప్పు సాధారణంగా సి5 బంటును ఆలస్యంగా నెట్టడంలో ఉంటుంది. 14వ ఎత్తుకు వెనక్కి వెళ్లి చూడండి.

జిల్లా పోటీలకు వెళ్లే పిల్లలకు ఒక మాట. తెల్లవారు ఇ4తో మొదలుపెడితే ఈ ఓపెనింగ్ రాదు. డి4కు మాత్రమే ఇది జవాబు. శకటును జి5కు కాకుండా ఎఫ్4కు తెచ్చినా లాస్కర్ మార్పిడి కుదరదు, ఎందుకంటే ఇ7 శకటుకు ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ రెండు సందర్భాలకు వేరే ఆటలు ఎంచుకుని, ఇదే పద్ధతిలో, కాగితం కప్పి, ఒక పావును వెంబడిస్తూ మొదలుపెట్టాలి.